జేబులో సోదా

*పసిపిల్లలపై జరిగే అఘాయిత్యాల ఫొటోలను పట్టుకోవాలంటే ప్రతి ఫోన్‌నీ జల్లెడ పట్టక తప్పదని కొందరు అంటున్నారు. అలా పడితే ఇక ఎవరి గుట్టూ మిగలదని ఇంకొందరు అంటున్నారు. ఈ గొడవ ఇప్పుడు యూరప్ నుంచి ఢిల్లీ హైకోర్టు దాకా నడుస్తోంది. నలిగిపోతున్నది మాత్రం ఇటు పిల్లలూ, అటు ఏ తప్పూ చేయని తల్లిదండ్రులూ.*

2021 ఫిబ్రవరి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక శుక్రవారం రాత్రి. బుడిబుడి అడుగులు వేస్తున్న కొడుక్కి మర్మావయవం దగ్గర వాచిందని తండ్రి గమనించాడు. పిల్లాడు నొప్పితో ఏడుస్తున్నాడు. కోవిడ్ రోజులు, పైగా తెల్లారితే శనివారం. ఆస్పత్రికి ఫోన్ చేస్తే రేపు వీడియోలో చూస్తాం, ముందు ఫొటోలు తీసి పంపండి అని నర్సు చెప్పింది. తండ్రి ఫోన్‌తోనే తీశారు. తల్లి వాటిని ఆస్పత్రి పోర్టల్‌లో పెట్టింది. డాక్టర్ చూసి యాంటీబయాటిక్స్ రాసిచ్చారు. వాపు తగ్గిపోయింది.

రెండు రోజులకు తండ్రి ఫోన్ టింగుమంది. 'హానికరమైన కంటెంట్' ఉన్నందువల్ల మీ ఖాతా నిలిపేస్తున్నామని గూగుల్ సందేశం. ఈమెయిల్ పోయింది. పరిచయస్తుల నంబర్లు పోయాయి. కొడుకు పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలు పోయాయి. ఫోన్ నంబరు కూడా గూగుల్ సంస్థదే కావడంతో అదీ పోయింది. వేరే ఖాతాల్లోకి వెళ్దామంటే ఓటీపీ వచ్చే దారి లేదు. పిల్లాడి జబ్బు సంగతి వివరంగా రాసి అప్పీలు చేసుకున్నాడు. తిరస్కరించారు.

ఆ ఏడాది డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసుల నుంచి ఒక కవరు వచ్చింది. అప్పుడుగానీ అతనికి తెలియలేదు, తనపై నెలల క్రితమే కేసు పెట్టి దర్యాప్తు చేశారని. గూగుల్‌కు వారంటు ఇచ్చి అతను వెతికిన మాటలు, తిరిగిన చోట్లు, పంపిన సందేశాలు, దాచుకున్న ఫొటోలు అన్నీ తెప్పించుకుని చూశారు. ఏ నేరమూ జరగలేదని తేల్చి ఫైలు మూసేశారు. మధ్యలో మాట్లాడదామని దర్యాప్తు అధికారి ప్రయత్నించారట. కానీ ఫోనూ పనిచేయలేదు, ఈమెయిలూ పనిచేయలేదు. ఆ రెండూ ఎందుకు పనిచేయలేదో మనకు తెలుసు. పోలీసులు నిర్దోషి అన్నారని చెప్పినా గూగుల్ ఖాతా తిరిగి ఇవ్వలేదు.

2022 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఈ కథను బయటపెట్టింది. హ్యూస్టన్‌లో మరో తండ్రికీ ఇంచుమించు ఇలాగే జరిగిందని అదే కథనంలో రాసింది.

అమ్మమ్మ పోసే లాల

ఎక్కడో అమెరికాలో జరిగిన గోల మనకెందుకు అనిపించవచ్చు. ఒక్కసారి మన ఇళ్లు తలచుకోండి. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన కూతురు. పెరట్లో పీట వేసుకుని, కాళ్లు బారజాపి, వాటిమీద మనవణ్ణి బోర్లా పడుకోబెట్టుకుని అమ్మమ్మ ఒళ్లంతా నూనె మర్దనా చేసి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేడినీళ్లతో లాల పోస్తుంది. దాన్ని వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. డాలస్‌లో ఉన్న పెద్దమామ చూడాలి, బెంగళూరులో ఉన్న మేనత్త చూడాలి. పిల్లాడికి తొడల మధ్య ఒరిసి ఎర్రగా కందితే వెంటనే ఫొటో తీసి పిల్లల డాక్టరుకు వాట్సాప్ చేయడం మామూలే. డాక్టర్లే పంపమంటారు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వాట్సాప్ సందేశానికి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. పంపినవారూ అందుకున్నవారూ తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. కానీ అదే ఫొటో గ్యాలరీలో పడి, అక్కడి నుంచి తనంతట తాను క్లౌడ్ బ్యాకప్‌కు వెళ్తే అక్కడ ఆ రక్షణ ఉండకపోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో తండ్రిని పట్టించింది ఆ ఆటోమేటిక్ బ్యాకప్పే. ఆస్పత్రికి పంపిన సందేశం కాదు.

---

బాక్స్: యంత్రం ఎలా గుర్తుపడుతుంది?

మొదటి పద్ధతి పాత ఫొటోలను పట్టుకునేది. 2009లో మైక్రోసాఫ్ట్, డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ హానీ ఫరీద్ కలిసి 'ఫొటోడీఎన్‌ఏ' తయారుచేశారు. ఇది ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, గళ్లుగా కోసి, ఒక్కో గడిలో వెలుగునీడల తేడాను లెక్కగట్టి అంకెల వరుసగా మారుస్తుంది. దాన్ని 'హ్యాష్' అంటారు. ఆ ఫొటోకు అది వేలిముద్రలాంటిది. పోలీసులు ఇదివరకే పట్టుకుని, నేరమేనని నిర్ధారించిన ఫొటోల హ్యాష్‌లతో దాన్ని పోల్చి చూస్తారు. ఇందులో పొరపాట్లు తక్కువ.

రెండోది కొత్త ఫొటోలను ఊహించేది. ఎవరూ ఇదివరకు చూడని ఫొటోలో అఘాయిత్యం ఉందా లేదా అన్నది ఏఐ అంచనా వేస్తుంది. గూగుల్ 2018 నుంచి ఇలాంటి సాధనాన్ని వాడుతోంది. కొత్తగా నరకంలో పడిన పిల్లలు దొరికేది దీనితోనే. డాక్టరుకు తీసిన ఫొటో చిక్కుకునేదీ దీనిలోనే.

---

ఆ ఫొటోల్లోని పిల్లలు పెద్దవాళ్లవుతారు

గోప్యత గురించి మాట్లాడేవాళ్లు చాలామంది దాటేసే మనుషులున్నారు. వాళ్ల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లడం అన్యాయం.

పసితనంలో సొంత బంధువు చేతిలో నలిగిన ఒక అమెరికన్ మహిళ 27 ఏళ్ల వయసులో, 2024 డిసెంబరులో, మారుపేరుతో ఆపిల్ మీద దావా వేసింది. ఆ బంధువు తీసిన ఫొటోలు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో చేతులు మారుతూనే ఉన్నాయి. ఎక్కడ ఎవరి దగ్గర అవి దొరికి కేసు పెట్టినా అధికారుల నుంచి ఆమెకు నోటీసు వస్తుంది. అలా వచ్చిన ప్రతి కాగితమూ తన చిన్నతనాన్ని ఇంకొకరు చూశారని గుర్తుచేస్తుంది. పట్టుకునే సాధనం చేతిలో ఉండి కూడా వాడకుండా పక్కన పెట్టారన్నది ఆపిల్ మీద ఆమె ఆరోపణ. ఇలాంటి బాధితులు వేలమంది తరఫున 120 కోట్ల డాలర్లకు పైగా పరిహారం అడుగుతున్న దావా అది.

ఆపిల్ పక్కన పెట్టిన సాధనం కథ కూడా తెలుసుకోవాలి. 2021 ఆగస్టు 5న ఆ కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఐఫోన్ నుంచి ఐక్లౌడ్‌కు వెళ్లే ప్రతి ఫొటోకూ ఫోన్‌లోనే హ్యాష్ తీసి, నేర ఫొటోల జాబితాతో పోలుస్తామంది. అలా 30 ఫొటోలు సరిపోలాకే కంపెనీ మనిషి చూస్తాడనీ, ఏడాదిలో ఒక ఖాతాను పొరపాటున పట్టుకునే అవకాశం లక్ష కోట్లలో ఒకటనీ భరోసా ఇచ్చింది. రెండు వారాలు తిరగకముందే, ఆ హ్యాష్ పద్ధతిని ఐఫోన్ లోపలి నుంచి బయటికి లాగి, ఏ సంబంధమూ లేని రెండు బొమ్మలకు ఒకటే హ్యాష్ వచ్చేలా చేసి చూపించారు ప్రోగ్రామర్లు. సెప్టెంబరు 3న ఆపిల్ వెనక్కి తగ్గింది. 2022 డిసెంబరులో ఆలోచనే విరమించుకుంది. ఇలా ఫోన్లోకి చూసే ఏర్పాటు చేస్తే దొంగలకు కొత్త దారి తెరిచినట్లవుతుందనీ, ఒక రకం ఫొటోల కోసం మొదలైన వెతుకులాట ఇంకా దేనికో దారితీస్తుందనీ తర్వాతి ఏడాది ఒక బాలల హక్కుల సంస్థకు రాసిన జవాబులో చెప్పింది.

ఈ విషయంలో ఆపిల్ భయం నిజమేనని నా అభిప్రాయం. ఆ మహిళ బాధ కూడా అంతే నిజం. ఒకటి ఒప్పుకున్నందుకు రెండోది అబద్ధం కాదు.

హైదరాబాద్ నుంచి వెళ్లిన ఉత్తరం

మన దేశంలో ఈ సమస్యను సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కించింది ఒక హైదరాబాదీ. 2015 ఫిబ్రవరిలో సామూహిక అత్యాచారాల వీడియోలు వాట్సాప్‌లో తిరుగుతూ 'ప్రజ్వల' వ్యవస్థాపకురాలు సునీతా కృష్ణన్ దాకా వచ్చాయి. బాధితురాళ్ల ముఖాలు కనపడకుండా చేసి, దుర్మార్గుల ముఖాలు మాత్రం కనిపించేలా ఆమె వాటిని బయటపెట్టారు. వీళ్లెవరో చెప్పండని దేశాన్ని అడిగారు. అందుకు బదులుగా ఆమె కారుపై దాడి జరిగింది. ఫిబ్రవరి 18 తేదీతో, పెన్‌డ్రైవ్ జతచేసి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి హెచ్.ఎల్. దత్తుకు ఉత్తరం రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుని దర్యాప్తు సీబీఐకి అప్పగించింది.

ఇవాళ మనం ఫిర్యాదు చేసే సైబర్‌క్రైమ్ పోర్టల్‌కు మూలం ఆ ఉత్తరమే. 2018 సెప్టెంబరులో అది మొదలైనప్పుడు పిల్లల, అత్యాచారాల దృశ్యాల మీద ఫిర్యాదుల కోసమే పెట్టారు. డబ్బు మోసాల ఫిర్యాదులు తర్వాత వచ్చి చేరాయి. అత్యాచార వీడియోల హ్యాష్‌లతో ఒక బ్యాంకు పెట్టాలన్న సిఫారసు కూడా ఆ కేసులో వేసిన కమిటీ నుంచే వచ్చింది.

ఇలాంటి వెతుకులాట వల్ల నేరస్తులు దొరకరని ఎవరైనా అంటే నమ్మకండి. దొరుకుతారు. అమెరికాలోని తప్పిపోయిన, దోపిడీకి గురైన బాలల జాతీయ కేంద్రానికి కంపెనీలు సమాచారం ఇస్తాయి. అది 2019లో కుదిరిన ఒప్పందం ప్రకారం మన జాతీయ నేర గణాంకాల బ్యూరోకు, అక్కడి నుంచి రాష్ట్రాల పోలీసులకు చేరుతుంది. తమిళనాడులో ఇలా అందిన సమాచారంతో పెట్టిన కేసే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పిల్లల మీద అఘాయిత్యం దృశ్యాలను చెరిపేయకుండా, ఫిర్యాదు చేయకుండా ఫోన్‌లో ఉంచుకోవడం కూడా పోక్సో చట్టం 15వ సెక్షన్ కింద నేరమయ్యే వీలుందని 2024 సెప్టెంబరు 23న తీర్పు వచ్చింది. చూడటం తప్పు కాదంటూ మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు కొట్టేసింది. చాలా అవసరమైన తీర్పు అది.

గుట్టలుగా ఫిర్యాదులు, గుప్పెడు మంది పోలీసులు

అయితే కొరత ఎక్కడుంది? యంత్రం పంపే ఫిర్యాదులకు కాదు. వాటిని చదివే మనుషులకు.

2023లో ఆ అమెరికన్ కేంద్రానికి ప్రపంచం మొత్తం మీద 3.62 కోట్ల ఫిర్యాదులు వచ్చాయి. అందులో దాదాపు 89 లక్షలు మన దేశానికి సంబంధించినవి. ఇన్ని లక్షల మంది నేరస్తులని దీని అర్థం కాదు. ఒకే వీడియోను కోపంతోనో, తెలియకనో, వేళాకోళానికో వందలమంది ఫార్వర్డ్ చేసినా అన్నీ లెక్కలోకి వస్తాయి. అయినా ఈ గుట్టను విప్పి, ఏ ఫొటో వెనక ఇప్పటికిప్పుడు ఒక పాప ఏ గదిలో బందీగా ఉందో తేల్చడానికి మన జిల్లా సైబర్ విభాగాల్లో ఎంతమంది ఉన్నారు? పోలీసు స్టేషన్‌కు వెళ్లి ఒక సైబర్ ఫిర్యాదు రాయించి చూసిన వారెవరికైనా జవాబు తెలుసు.

---

బాక్స్: ఐర్లాండ్ లెక్క

2020లో ఐర్లాండ్ పోలీసులకు అమెరికన్ కేంద్రం నుంచి అందిన ఫిర్యాదులు: 4,192
నిజంగా పిల్లల మీద అఘాయిత్యం దృశ్యాలని తేలినవి: 852
పొరపాటున పట్టుకున్నవి: 471

మన సంగతికొస్తే, ఒక యంత్రం పది లక్షల ఫొటోల్లో ఒక్కసారే తప్పు చేస్తుందనుకుందాం. రోజుకు పది కోట్ల ఫొటోలు చూస్తే రోజుకు వందమందిని అన్యాయంగా అనుమానిస్తుంది. ఏడాదికి 36,500 మంది.

---

తప్పు చేసిన యంత్రం దగ్గరికి వెళ్లి మొర పెట్టుకోలేం. పోలీసు తప్పు చేస్తే ఎస్పీ ఉంటారు, కోర్టు ఉంటుంది, మానవ హక్కుల కమిషన్ ఉంటుంది. కంపెనీ ఖాతా మూసేస్తే ఒక ఫారం మాత్రమే ఉంటుంది. దాన్ని చదివేది మనిషో కాదో కూడా తెలియదు. ఈ పద్ధతి మీద నాకున్న అతి పెద్ద అభ్యంతరం ఇదే. ఇంతటి ఘోరమైన నింద వేసే అధికారం ఉన్నచోట, కాదని చెప్పుకునే హక్కు కూడా అంతే గట్టిగా ఉండి తీరాలి.

'గంజాయి' అని వెతికిన చేయి

2021 అక్టోబరు చివర్లో హైదరాబాద్‌లో తీసిన ఒక వీడియో బాగా తిరిగింది, గుర్తుందా? రోడ్డు మీద బైకులు ఆపుతున్నారు పోలీసులు. ఫోన్ ఇవ్వమంటున్నారు. వాట్సాప్ తెరిచి, పైన వెతికే చోట 'గంజాయి'లాంటి మాటలు కొట్టి చూస్తున్నారు. ఏమీ లేకపోతే ఫోన్ తిరిగిచ్చి పొమ్మంటున్నారు. వారంటు లేదు, అనుమానానికి కారణం లేదు. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారని ఒక అధికారి అన్నారు. నడిరోడ్డు మీద ఖాకీ చొక్కా ఫోన్ అడిగితే ఇవ్వనని అనగలిగే కుర్రాడు ఎవరు?

ఆ రోజుల్లోనే, అక్టోబరు 27న, పెగాసస్ అనే గూఢచారి సాఫ్ట్‌వేర్ కేసులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం నిపుణుల కమిటీ వేసింది. జాతీయ భద్రత అన్న మాట ఎత్తినంత మాత్రాన ప్రతిసారీ ప్రభుత్వాన్ని వదిలేయలేమని చెప్పింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. దానిలోకి ప్రభుత్వం చొరబడాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చొరబాటు అవసరానికి మించకూడదు. రోడ్డు మీద గంజాయి వెతుకులాట ఈ మూడింటిలో మొదటిదాని దగ్గరే ఆగిపోతుంది.

ఫోన్‌ను సోదా చేసే సాధనం ఎవరికోసం తయారైనా, అందరిమీదా వాడబుద్ధి పుట్టడానికి ఎంతో కాలం పట్టదు. తెలంగాణలో మావోయిస్టుల కదలికలు కనిపెట్టే విభాగంలోని సాధనాలను రాజకీయ ప్రత్యర్థుల మీదికీ మరికొందరి మీదికీ తిప్పారన్న ఆరోపణలతో ఫోన్ ట్యాపింగ్ కేసు నడుస్తోంది. ఎన్నికల ఫలితాలు వచ్చాక హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారన్న అభియోగంతో 2024 మార్చిలో అరెస్టులు మొదలయ్యాయి. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఇవాళ పసిపిల్లల ఫొటోల జాబితాతో పోల్చే యంత్రానికి రేపు ఒక కార్టూన్‌నో, ఒక ఉద్యమం కరపత్రాన్నో జాబితాలో చేర్చి ఇస్తే? యంత్రానికి తేడా తెలియదు. దానికి అన్నీ అంకెలే. జాబితా ఎవరి చేతిలో ఉందన్నదే అసలు సంగతి.

2025 నవంబరు 28న టెలికాం శాఖ ప్రతి కొత్త ఫోన్‌లోనూ 'సంచార్ సాథీ' యాప్ ముందే వేసి అమ్మాలని తయారీదార్లను ఆదేశించినప్పుడు జనం అంతలా ఉలిక్కిపడ్డది ఇందుకే. ఆ యాప్ పని పోయిన ఫోన్లు, నకిలీ సిమ్‌లు పట్టుకోవడం. ఫొటోలు వెతకడం కాదు. అయినా వారం తిరగకుండానే, డిసెంబరు 3న, ప్రభుత్వం ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. వద్దనుకున్న యాప్‌ను తీసేసే హక్కు తమదేనని జనం గట్టిగా చెప్పారు.

యూరప్ ఎందుకు వెనకాడింది?

2022 మేలో యూరోపియన్ కమిషన్ ఒక చట్టం ప్రతిపాదించింది. అధికారులు ఆదేశిస్తే మెసేజింగ్ సంస్థలు తమ సందేశాల్లో ఇలాంటి దృశ్యాల కోసం తప్పనిసరిగా వెతకాలి. ఎన్‌క్రిప్షన్ ఉన్నా సరే. సందేశానికి తాళం పడకముందే, అంటే ఫోన్‌లోనే, చూడటం తప్ప దానికి వేరే మార్గం లేదు. వ్యతిరేకులు దానికి 'చాట్ కంట్రోల్' అని పేరు పెట్టారు. మూడేళ్లు గడిచినా దేశాల మధ్య ఒప్పందం కుదరలేదు. 2025 అక్టోబరులో జర్మనీ ససేమిరా అనడంతో ఓటింగే ఆగిపోయింది. నవంబరులో సభ్యదేశాలు ఒక మాట మీదికి వచ్చేసరికి తప్పనిసరి అన్నది తీసేశారు. ఇష్టమున్న కంపెనీలు వెతుక్కోవచ్చన్నారు. ఇంటింటికీ గూఢచారి పోలీసులు తిరిగిన కాలాన్ని తూర్పు జర్మనీలో చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఆ దేశం మొండికేసిందంటే ఆశ్చర్యమేముంది.

మన దగ్గర 2021 ఐటీ నిబంధనలు వేరే దారి పట్టాయి. 50 లక్షలకు మించి వినియోగదారులున్న మెసేజింగ్ సంస్థ, కోర్టో అధికారో అడిగితే ఒక సందేశాన్ని మొట్టమొదట ఎవరు పుట్టించారో చెప్పాలి. అందుకు ఎన్‌క్రిప్షన్ బద్దలు కొట్టాల్సిందేనని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. అలా కొట్టమంటే ఈ దేశంలో వాట్సాప్ ఉండదని 2024 ఏప్రిల్‌లో దాని న్యాయవాది కోర్టులోనే చెప్పారు.

విచిత్రమేమిటంటే సందేశాలు చదవకుండానే చేయగలిగింది చాలా ఉంది. ఎన్‌క్రిప్షన్ లేని ప్రొఫైల్ ఫొటోలు, గ్రూపుల ఫొటోలు, వినియోగదారుల ఫిర్యాదులు చూసుకుని ఇలాంటి దృశ్యాలు పంచుతున్నారన్న అనుమానంతో నెలకు 3 లక్షలకు పైగా ఖాతాలు మూసేస్తున్నామని వాట్సాప్ చెబుతోంది. అనుమానం ఉన్న మనిషి ఫోన్‌ను కోర్టు అనుమతితో విప్పి చూడటానికి పోలీసులకు ఎవరూ అడ్డుపడటం లేదు. అడ్డుపడకూడదు కూడా.

పిల్లల చేతిలో ఉండాల్సిన సాధనం

ఇదే హ్యాష్ పరిజ్ఞానాన్ని ఇంకోలా వాడుతున్న చోటు ఒకటుంది. దాని గురించి మన దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు.

పదో తరగతి అమ్మాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ఒకడిని నమ్మి ఫొటో పంపింది. వాడిప్పుడు బెదిరిస్తున్నాడు. డబ్బులిస్తావా, ఇంకో ఫొటో పంపుతావా, మీ నాన్నకు పంపమంటావా అంటాడు. ఇలాంటి పిల్లలు ఇంట్లో చెప్పలేక, పోలీసుల దగ్గరికి వెళ్లలేక నలిగిపోతారు. అమెరికన్ బాలల కేంద్రమే నడిపే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ 2023లో అందుబాటులోకి వచ్చింది. పిల్లలు పేరు చెప్పక్కర్లేదు. ఆ ఫొటోను తమ ఫోన్‌లోనే ఎంచుకుంటే, అక్కడికక్కడే దానికి హ్యాష్ తయారవుతుంది. ఫొటో ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. అంకెలు మాత్రమే వెళ్తాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లాంటి భాగస్వామ్య సంస్థల బహిరంగ వేదికల్లో ఆ ఫొటో కనిపిస్తే అడ్డుకుంటారు. 18 దాటినవాళ్లకు 'స్టాప్ ఎన్‌సీఐఐ' అని ఇలాంటిదే ఇంకోటి ఉంది. ఫోన్ లోపలే హ్యాష్ తీయడం ఆపిల్ చేద్దామనుకున్న పనే. ఇక్కడ మాత్రం అడిగింది ఆ అమ్మాయి, ఎంచుకుంది ఆ అమ్మాయి.

సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల మీద నేరాలకు పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేసే వీలుంది. బాలల హెల్ప్‌లైన్ 1098కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు, షీ టీమ్‌లు, శక్తి బృందాలు బడుల్లో అవగాహన సదస్సులు పెడుతూనే ఉంటారు. అపరిచితులతో మాట్లాడొద్దు, ఫొటోలు పంపొద్దు అని చెప్పి వెళ్లిపోవడం కాకుండా, పంపేసిన పిల్ల ఏం చేయాలో కూడా ఆ సదస్సుల్లో చెప్పాలి. ఈ సేవల పేర్లు బోర్డు మీద రాయాలి, ఫోన్ చేతికిచ్చి ఎలా నింపాలో చూపించాలి. ఆ పిల్ల తిట్లకు భయపడకుండా వచ్చి చెప్పుకోవడానికి బడిలో ఒక టీచరమ్మ పేరు కూడా ఆ బోర్డు మీదే ఉండాలి.